రాము, సోము ఒకటేనా? డేటాబేస్ యూనిట్ టెస్టుల్లో టెక్స్ట్ పోల్చడానికి ఏది ఎక్కడ వాడాలి

కొన్నేళ్ళ కింద నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో ఒక టెస్టు రోజూ రాత్రి బిల్డులో పచ్చగా పాసయ్యేది. టేబుల్లో "రాము" అనే పేరు వేసి, ప్రొసీజర్ (డేటాబేస్ లోపల ఉండే చిన్న ప్రోగ్రాం) నడిపి, బయటికొచ్చిన పేరు సరిపోయిందో లేదో చూడటం దాని పని. ఒకరోజు వేరే పని మీద ఆ ఫైలు తెరిస్తే ఎక్స్‌పెక్టెడ్ (రావాల్సిన విలువ) దగ్గర "సోము" అని ఉంది. కాపీ పేస్టు తప్పు, అదీ నేను చేసిందే. నెలల తరబడి రాము, సోము ఒకటే అని ఆ టెస్టు చెబుతూ వచ్చింది, మేమూ నమ్ముతూ వచ్చాం.

విషయం ఏంటంటే, అది మైక్రోసాఫ్ట్ వాళ్ళ డేటాబేస్, ఎస్‌క్యూఎల్ సర్వర్. కాలమ్ వార్‌చార్ (కోడ్‌పేజీ, అంటే కొలేషన్‌ని బట్టి వచ్చే అక్షరాల పట్టిక, దానిలో ఉన్నవే పట్టే టెక్స్ట్ టైపు), డేటాబేస్ కొలేషన్ (టెక్స్ట్‌ని ఎలా పోల్చాలో చెప్పే నియమాలు) మామూలు లాటిన్ రకం. టెస్టులో పేరు రాసేటప్పుడు కోట్ ముందు పెట్టాల్సిన ఎన్ అక్షరం పెట్టలేదు. అది లేకపోతే లాటిన్ కోడ్‌పేజీలో లేని ప్రతి అక్షరం ప్రశ్నార్థకం అయిపోతుంది. రాములో ర, దీర్ఘం, మ, కొమ్ము, మొత్తం 4 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ ఒక్కో గుర్తుకి ఇచ్చే నంబర్లు). సోములోనూ 4. రెండూ నాలుగేసి ప్రశ్నార్థకాలుగా మారాయి, నాలుగూ నాలుగూ సమానం, టెస్టు పాస్. అసలు సిస్టమ్‌లో తెలుగు పేర్లన్నీ పాడవుతున్నాయన్న సంగతి పట్టుకోవాల్సిన టెస్టే దాన్ని దాచిపెట్టింది.

ఆ తర్వాత నుంచి టెస్టులో టెక్స్ట్ పోల్చాల్సి వస్తే ముందు ఒక ప్రశ్న వేసుకోవడం అలవాటైంది. ఈ రెండు విలువల మధ్య ఏ తేడా వస్తే ఈ టెస్టు ఫెయిల్ కావాలి? క్యాపిటల్-స్మాల్ తేడా వస్తేనా? చివర ఒక స్పేస్ ఎక్కువైతేనా? నల్ (విలువే లేదు అనే గుర్తు) రావాల్సిన చోట ఖాళీ స్ట్రింగ్ (అక్షరాలేవీ లేని టెక్స్ట్) వస్తేనా? కంటికి కనపడని అక్షరం దూరితేనా? దీనికి జవాబు తెలియకుండా ఏ అసర్షన్ (రెండు విలువల్ని పోల్చి, కలవకపోతే టెస్టుని ఫెయిల్ చేసే ఆదేశం) వాడినా అది గుడ్డి ఎంపికే. ఎందుకంటే "సమానం" అంటే ఏంటో మీరు చెప్పకపోతే డేటాబేస్ తనకు తెలిసిన అర్థం తీసుకుంటుంది, ఆ అర్థం ఒక్కో డేటాబేస్‌లో ఒక్కోలా ఉంటుంది.

ఎక్కువగా ఎస్‌క్యూఎల్ సర్వర్ గురించే రాస్తాను, నా చేతులు కాలింది అక్కడే కాబట్టి. మిగతావి నాకు పనిపడినంత మేరకు.

అసర్ట్‌ఈక్వల్స్ వర్సెస్ అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యూనిట్ టెస్టులంటే చాలామంది వాడేది టీఎస్‌క్యూఎల్‌టీ అనే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్. అందులో ఒక్క విలువని పోల్చడానికి ఈ రెండు ప్రొసీజర్లు కనిపిస్తాయి. పేర్లు చూస్తే రెండోది మొదటిదానికి తమ్ముడిలా ఉంటుంది, కానీ లోపల పనిచేసే తీరు వేరు.

అసర్ట్‌ఈక్వల్స్ తీసుకునే రెండు విలువల టైపు ఎస్‌క్యూఎల్ వేరియంట్. అంటే నంబరు, తేదీ, చిన్న స్ట్రింగ్ ఏదైనా పట్టే సంచీ లాంటిది. ఆ సంచీలో 8,000 బైట్లకు మించి పట్టదు, మ్యాక్స్ సైజు టైపులు అసలు ఎక్కవు. ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ (యూనికోడ్ టెక్స్ట్ ఎంత పొడుగైనా పట్టే టైపు) వేరియబుల్ ఇచ్చారంటే పోలిక దాకా కూడా పోదు, ఆ టైపు ఎస్‌క్యూఎల్ వేరియంట్‌తో కుదరదని ఎర్రర్ వచ్చి టెస్టు ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ఈ ఎర్రర్ చూసి తమ ప్రొసీజర్‌లో ఏదో తప్పుందని గంటసేపు వెతుక్కోవడం నేను రెండుమూడు సార్లు చూశాను.

కానీ అసర్ట్‌ఈక్వల్స్‌కి ఒక మంచి గుణం ఉంది, టైపు దగ్గర అది కచ్చితంగా ఉంటుంది. ఒక పక్క ఇంటీజర్ 5, ఇంకోపక్క స్ట్రింగ్ 5 ఇస్తే ఒప్పుకోదు. వేరియంట్ పోలికలో నంబర్ల కుటుంబం వేరు, స్ట్రింగుల కుటుంబం వేరు, కుటుంబాలు కలవకపోతే విలువలు సమానం కావు. అప్పుడు వచ్చే మెసేజ్ మాత్రం నవ్వు తెప్పిస్తుంది: 5 రావాలి, 5 వచ్చింది, ఫెయిల్. ఇలాంటి మెసేజ్ ఎప్పుడైనా చూస్తే ముందు టైపు చూడండి.

అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్ రెండు పక్కలా ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ తీసుకుంటుంది. పెద్ద టెక్స్ట్‌కి సైజు గొడవ లేదు. ఫెయిలైనప్పుడు రావాల్సింది ఒక లైనులో, వచ్చింది దాని కింద లైనులో చూపిస్తుంది కాబట్టి రెండు పొడుగాటి స్ట్రింగుల మధ్య తేడా కంటితో పట్టుకోవడం తేలిక. టెక్స్ట్‌కి ఈ రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే నేను కళ్ళు మూసుకుని దీన్నే అంటాను. నల్, నల్ ఎదురుపడితే రెండూ సమానం అనే అంటాయి, అక్కడ తేడా లేదు.

దీని ఇబ్బంది ఏంటంటే ఏమిచ్చినా స్ట్రింగుగా మార్చేసుకుంటుంది. డేట్‌టైమ్ వేరియబుల్ ఇచ్చారనుకోండి, మారేటప్పుడు డీఫాల్ట్ ఫార్మాట్‌లో నిమిషాల దాకే ఉంటుంది, సెకన్లు పోతాయి. 10:15:05, 10:15:50 రెండూ ఒకటే అయిపోతాయి. కాబట్టి స్ట్రింగ్ పేరున్న అసర్షన్‌కి స్ట్రింగే ఇవ్వండి, తేదీలూ నంబర్లూ అసర్ట్‌ఈక్వల్స్‌కి వదిలేయండి.

కొలేషన్ గోల

ఇప్పుడు అసలు తలనొప్పి. అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్ లోపల ఉన్నది మామూలు సమానం గుర్తే. ఆ గుర్తు ఎలా ప్రవర్తించాలో కొలేషన్ చెబుతుంది. ఎక్కువ ఇన్‌స్టలేషన్లలో డీఫాల్ట్ కొలేషన్ క్యాపిటల్-స్మాల్ తేడా పట్టించుకోదు. అంటే ప్రొసీజర్ క్యాపిటల్స్‌లో తిరిగి ఇవ్వాల్సిన ప్యాన్ నంబరుని స్మాల్ లెటర్స్‌లో ఇచ్చినా టెస్టు పాస్. అప్పర్ ఫంక్షన్ పనిచేస్తోందా అని మీరు రాసిన టెస్టు అప్పర్ తీసేసినా పాసవుతుంది. నేతిబీరకాయలో నెయ్యి ఎంతో ఆ టెస్టులో పరీక్ష అంత.

"మా కాలమ్‌కి కేస్ సెన్సిటివ్ కొలేషన్ పెట్టాం, మాకేం బాధ లేదు" అంటారు కొందరు. బాధ ఉంది. కాలమ్ నుంచి విలువని వేరియబుల్‌లోకి తీసుకోగానే కాలమ్ కొలేషన్ పోయి డేటాబేస్ డీఫాల్ట్ కొలేషన్ వస్తుంది. టేబుల్ దగ్గర తేడా పట్టే డేటా టెస్టు దగ్గరికొచ్చేసరికి తేడా పట్టనిదైపోతుంది. కొలేట్ అని రాసి వేరియబుల్‌కి ఇచ్చినా అదే కథ, వేరియబుల్‌లో పడగానే ఆ మాట మర్చిపోతుంది. ప్రొసీజర్‌ని పిలిచేటప్పుడు పారామీటర్ దగ్గర ఎక్స్‌ప్రెషన్ రాయనివ్వదు కాబట్టి అక్కడా కుదరదు. డేటాబేస్ మొత్తం కేస్ సెన్సిటివ్ అయితే తప్ప ఈ అసర్షన్‌తో నేరుగా కేస్ పరీక్షించలేం.

చివరి స్పేసుల సంగతి ఇంకా దారుణం. ఎస్‌క్యూఎల్ సర్వర్ పోల్చేటప్పుడు పొట్టి స్ట్రింగుకి స్పేసులు చేర్చి రెండింటినీ ఒకే పొడుగు చేస్తుంది, ఎస్‌క్యూఎల్ స్టాండర్డ్ నుంచి వచ్చిన పద్ధతే ఇది. అందుకే "గుంటూరు", దాని తర్వాత మూడు స్పేసులున్న "గుంటూరు" సమానం. ఒక్క స్పేస్ ఉన్న స్ట్రింగూ, ఏమీ లేని స్ట్రింగూ కూడా సమానమే. బైనరీ కొలేషన్ (అక్షరాల నంబర్లనే నేరుగా పోల్చేది, బిన్‌2 అలాంటిదే) పెడితే ఇది పోతుందని చాలామంది అనుకుంటారు, నేనూ అనుకున్నాను. పోదు. బిన్‌2 కొలేషన్ పెట్టినా చివరి స్పేసులు లెక్కలోకి రావు. లెన్ ఫంక్షన్ కూడా చివరి స్పేసులు లెక్కపెట్టదు, దాంతో పొడుగు చూసి తేల్చుకుందాం అనుకున్నా మోసపోతాం. డేటాలెంగ్త్ వాడాలి, అది బైట్లు లెక్కపెడుతుంది.

ట్రిమ్ (అనవసర స్పేసులు తీసేయడం) సరిగ్గా జరుగుతోందా అని చూడటానికే టెస్టు రాస్తుంటే, నేను వాడే చిట్కా చాలా పాతది: పోల్చే ముందు రెండు విలువల చివరా ఏదో ఒక అక్షరం, సాధారణంగా ఒక నిలువు గీత, అతికించడం. అప్పుడు స్పేసులు మధ్యలో పడిపోతాయి, మధ్యలో ఉన్నవాటిని ఏ కొలేషనూ వదలదు. ఫెయిలైతే మెసేజ్‌లో కూడా గీత ఎంత దూరంలో ఉందో కనిపిస్తుంది. కేస్ గొడవ మాత్రం దీంతో తీరదు.

అసర్ట్‌లైక్ ఇక్కడ కొంచెం విచిత్రమైన పనిమంతుడు. అది ఎన్‌వార్‌చార్‌తో లైక్ పోలిక (ప్యాటర్న్‌తో సరిచూడటం) చేస్తుంది కాబట్టి చివరి స్పేసులు వదిలిపెట్టదు. అలాగని అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్‌కి బదులు దీన్ని పెట్టకండి. ఎక్స్‌పెక్టెడ్ టెక్స్ట్‌లో అండర్‌స్కోరో, పర్సెంటో, చదరపు బ్రాకెట్టో ఉంటే దానికి వేరే అర్థం వస్తుంది, "50% తగ్గింపు" అన్న మాటలో పర్సెంట్ గుర్తు ఏ అక్షరాలనైనా మింగేస్తుంది. ప్యాటర్న్ 4,000 అక్షరాలు దాటకూడదు కూడా.

మక్కీకి మక్కీ కావాలంటే

ఒక్క బైటు తేడా వచ్చినా ఫెయిల్ కావాలంటే, ఉదాహరణకి బ్యాంకుకి పంపే ఫిక్స్‌డ్ విడ్త్ ఫైలు లైను తయారు చేసే ఫంక్షన్ అనుకోండి, నేను మూడు దారులు చూశాను.

ఒకటి, రెండు విలువల్నీ ముందు ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ చేసి, తర్వాత వార్‌బైనరీ మ్యాక్స్ (ముడి బైట్లు) చేసి, స్టైల్ 1తో హెక్స్ స్ట్రింగుగా మార్చి, ఆ హెక్స్ స్ట్రింగుల్ని అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్‌కి ఇవ్వడం. కేస్, స్పేస్, కొలేషన్ అన్నీ ఒకే దెబ్బకి పోతాయి. ముందు రెండింటినీ ఒకే టైపుకి తెచ్చే మెట్టు మర్చిపోవద్దు, ఒకటి వార్‌చార్ ఇంకోటి ఎన్‌వార్‌చార్ అయితే బైట్లు ఎలాగూ కలవవు. ఇబ్బంది, ఫెయిలైనప్పుడు వచ్చే మెసేజ్ మనుషులు చదివేది కాదు.

రెండోది, సొంతంగా ఒక అసర్షన్ ప్రొసీజర్ రాసుకోవడం. మేము చివరికి చేసింది ఇదే, యాభై లైన్లు కూడా లేదు. ముందు నల్ చూస్తుంది: రెండూ నల్ అయితే సరే, ఒక్కటే నల్ అయితే ఫెయిల్. తర్వాత డేటాలెంగ్త్ పోలుస్తుంది. తర్వాత బిన్‌2 కొలేషన్‌తో పోలుస్తుంది, పొడుగు ముందే తేలిపోయింది కాబట్టి స్పేసుల భయం లేదు. తేడా వస్తే మొదటి తేడా ఎన్నో అక్షరం దగ్గర ఉందో వెతికి, అక్కడ రెండు పక్కలా ఉన్న అక్షరాల యూనికోడ్ నంబర్లతో కలిపి ఫెయిల్ ప్రొసీజర్‌కి పంపిస్తుంది. "18వ స్థానంలో 32 రావాలి, 160 వచ్చింది" అని చూడగానే ఎవరో ఎక్సెల్ నుంచో వెబ్‌పేజీ నుంచో నాన్ బ్రేకింగ్ స్పేస్ మోసుకొచ్చారని ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. ఈ ఒక్క లైను మెసేజ్ మా టీమ్‌కి ఎన్ని సాయంత్రాలు మిగిల్చిందో చెప్పలేను.

మూడోది హ్యాష్ (టెక్స్ట్ నుంచి లెక్కకట్టే చిన్న వేలిముద్ర లాంటి విలువ) చేసి పోల్చడం, కొందరు చేస్తారు. తేడా ఉందని చెబుతుంది, ఎక్కడో చెప్పదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016కి ముందు వెర్షన్లలో హ్యాష్‌బైట్స్‌కి 8,000 బైట్ల పరిమితి కూడా ఉంది. పెద్ద రిపోర్టుల్ని మొత్తంగా పోల్చడానికి తప్ప నేను దీని జోలికి పోను.

మీరు ఏదో ఒకటి వాడండి గానీ, ఇఫ్ పెట్టి "ఇది దానికి సమానం కాకపోతే ఫెయిల్" అని చేత్తో రాయడం మాత్రం మానేయండి. ఒక పక్క నల్ వస్తే ఆ షరతు నిజమూ కాదు అబద్ధమూ కాదు, ఫెయిల్ లైను నడవదు, టెస్టు పాసై కూర్చుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2022లో నల్‌ని కూడా సరిగ్గా పోల్చే ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్ వచ్చింది, చేత్తోనే రాయాలంటే అది రాయండి.

ఒక్క విలువా, టేబులా?

ఐదారు కాలమ్‌లు పోల్చాలంటే ఐదారు అసర్షన్లు వరసగా రాయకండి. మొదటిది ఫెయిలైతే మిగతావి నడవవు, ఒక్కో తప్పు సరిదిద్దుతూ ఐదుసార్లు నడుపుకోవాలి. అసర్ట్‌ఈక్వల్స్‌టేబుల్ అయితే అన్నీ ఒకేసారి చూపిస్తుంది, సరిపోయిన వరసకి ఒక గుర్తు, రాకుండా పోయినదానికి ఒకటి, అదనంగా వచ్చినదానికి ఒకటి. లోపల గ్రూప్ బై చేస్తుంది కాబట్టి కేస్, చివరి స్పేస్ విషయంలో ఇది కూడా పైన చెప్పిన తాను ముక్కే. కానీ ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది: టేబుల్ కాలమ్‌లు తమ కొలేషన్‌ని మర్చిపోవు. ఎక్స్‌పెక్టెడ్, యాక్చువల్ (నిజంగా వచ్చింది) రెండు టేబుళ్ళలోనూ ఆ కాలమ్‌కి బిన్‌2 కొలేషన్ పెట్టి తయారు చేస్తే కేస్ తేడా పట్టుబడుతుంది.

టెంపరరీ టేబుల్ చేత్తో క్రియేట్ చేస్తే దాని స్ట్రింగ్ కాలమ్‌లకి టెంప్‌డీబీ (సర్వర్‌లోని తాత్కాలిక డేటాబేస్) కొలేషన్ వస్తుంది, మీ డేటాబేస్‌ది కాదు. మీ లాప్‌టాప్‌లో రెండూ ఒకటే కాబట్టి ఏమీ కాదు, బిల్డు సర్వర్ మీద కొలేషన్ కాన్‌ఫ్లిక్ట్ అని 468 నంబరు ఎర్రర్ వస్తుంది. అసలు టేబుల్ నుంచి సున్నా వరసలు సెలెక్ట్ ఇంటూ చేసి ఎక్స్‌పెక్టెడ్ తయారు చేసుకుంటే టైపులూ కొలేషనూ రెండూ దానంతటవే వస్తాయి. ఎక్స్‌ఎంఎల్ కాలమ్ ఉంటే అసర్ట్‌ఈక్వల్స్‌టేబుల్ ఒప్పుకోదు, దాన్ని ఎన్‌వార్‌చార్ మ్యాక్స్ చేసి ఇవ్వాలి.

పోస్ట్‌గ్రెస్ వాళ్ళకి సుఖం ఎక్కువ, కానీ...

పోస్ట్‌గ్రెస్‌లో పీజీట్యాప్ అనే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడితే పై గోలలో సగం లేదు. టెక్స్ట్ టైపుకి చివరి స్పేస్ కూడా లెక్కే, కేస్ కూడా లెక్కే, మామూలు కొలేషన్లలో బైట్లు కలిస్తేనే సమానం. వెర్షన్ 12 నుంచి కావాలని నాన్ డిటర్మినిస్టిక్ కొలేషన్ (బైట్లు వేరైనా సమానం అనగలిగేది) తయారు చేసుకుంటే తప్ప ఈ నియమం మారదు. ఈజ్ అనే ఫంక్షన్ నల్‌ని కూడా సరిగ్గా పోలుస్తుంది. క్యారెక్టర్ ఎన్ టైపు ఒక్కటే దారి తప్పుతుంది, దానికి చివరి స్పేసులు లెక్క కాదు. కొత్త టేబుళ్ళలో ఆ టైపు వాడకపోతే సరి.

ఇక్కడ ఏడిపించేది టైపులు. ఒక పక్క వార్‌చార్, ఇంకోపక్క టెక్స్ట్ ఉంటే ఈజ్ ఫంక్షన్ దొరకట్లేదని ఎర్రర్ వస్తుంది, రెండూ ఒకే టైపు కావాలి దానికి. రిజల్ట్స్‌ఈక్యూలోనూ అంతే, విలువలన్నీ కళ్ళముందు ఒకేలా కనిపిస్తుంటే కాలమ్‌ల సంఖ్యో టైపో తేడా ఉందంటుంది. రెండు పక్కలా టెక్స్ట్‌కి కాస్ట్ చేసేయండి, అయిపోతుంది. ఇక వరసల క్రమం ముఖ్యమైతే రిజల్ట్స్‌ఈక్యూ, క్రమం అక్కర్లేదు గానీ ఒకే విలువ ఎన్నిసార్లు వచ్చిందో కావాలంటే బ్యాగ్‌ఈక్యూ. సెట్‌ఈక్యూ డూప్లికేట్లు పట్టించుకోదు, జాయిన్ తప్పయి వరసలు రెట్టింపైనా పాస్ అంటుంది, అందుకే నేను దాన్ని వాడటం దాదాపు మానేశాను.

జేసన్ అయితే టెక్స్ట్‌గా పోల్చకండి, జేసన్‌బీ (పోస్ట్‌గ్రెస్‌లో జేసన్ దాచే టైపు)కి కాస్ట్ చేసి పోల్చండి. కీల క్రమం, మధ్యలో స్పేసులు అన్నీ పోతాయి.

ఒరాకిల్‌లో యూటీపీఎల్‌ఎస్‌క్యూఎల్ అనే టెస్టింగ్ ఫ్రేమ్‌వర్క్ వాడేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటే పెద్ద విషయం: ఒరాకిల్‌కి ఖాళీ స్ట్రింగ్ అంటే నల్. "ఖాళీ వస్తుందా, నల్ వస్తుందా" అని తేడా చూసే టెస్టు అక్కడ రాయలేరు, రాసినా అర్థం లేదు. ఈక్వల్ మ్యాచర్ టైపు దగ్గర కఠినంగా ఉంటుంది, వార్‌చార్2ని నంబరుతో పోలిస్తే అంకె ఒకటే అయినా ఫెయిల్. నాకు ఆ కఠినత్వం నచ్చుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో వెర్షన్ చూసుకోండి. 8.0లో డీఫాల్ట్ కొలేషన్ కేస్ పట్టించుకోదు, యాక్సెంట్లు పట్టించుకోదు, కానీ చివరి స్పేస్ పట్టించుకుంటుంది. పాత జనరల్ కొలేషన్లు చివరి స్పేస్ కూడా పట్టించుకోవు. వెర్షన్ మార్చిన మర్నాడు కొన్ని టెస్టులు ఎర్రబడితే ఇది ముందు చూడాల్సిన చోటు. పాత యూటీఎఫ్8ఎంబీ4 జనరల్, యూనికోడ్ కొలేషన్లలో ఇంకో తమాషా ఉంది, సుషీ ఎమోజీ, బీరు ఎమోజీ సమానం అంటాయి, జపాన్ వాళ్ళ పుణ్యమా అని ఇది సుషీ-బీర్ సమస్యగా పేరు పడింది. మా రాము-సోము కథకి అది దగ్గరి చుట్టం. కచ్చితమైన పోలికకి కాస్ట్ యాజ్ బైనరీ వాడండి. ముందు ఊరికే బైనరీ అని పెట్టే పద్ధతి 8.0.27 నుంచి వద్దంటున్నారు.

అప్లికేషన్ వైపు నుంచి పోలిస్తే?

జావాలోనో పైథాన్‌లోనో టెస్టు రాసి, డేటాబేస్ నుంచి విలువ తెచ్చి, అక్కడే పోల్చడం చాలా టీముల్లో జరిగేది. ఇందులో సుఖం ఉంది, ఆ భాషల్లో స్ట్రింగ్ పోలిక అంటే మక్కీకి మక్కీనే, కొలేషన్ అన్న మాటే లేదు. తేడా చూపించే టూల్స్ కూడా బాగుంటాయి. ఫార్మాట్ చేసిన టెక్స్ట్, లెటర్లు, రశీదులు, ఎగుమతి ఫైళ్ళు లాంటివి ఇక్కడ పోల్చడమే మేలని నా అభిప్రాయం.

కానీ డేటాబేస్ ప్రవర్తననే పరీక్షించాలంటే ఇది సరిపోదు. యూజర్ "రవి" అని ఇంగ్లిష్‌లో స్మాల్ లెటర్స్‌తో వెతికితే క్యాపిటల్‌తో మొదలయ్యే వరస దొరకాలా వద్దా, రెండు పేర్లు కేస్‌లోనే తేడా ఉంటే యునీక్ కన్‌స్ట్రైంట్ ఆపాలా వద్దా, ఇవి డేటాబేస్ తేల్చే విషయాలు. వాటిని డేటాబేస్ లోపలే, అసలు కొలేషన్‌తోనే పరీక్షించాలి. వేగం కోసమని ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ మీద టెస్టులు నడిపి ప్రొడక్షన్‌లో ఎస్‌క్యూఎల్ సర్వర్ పెట్టుకున్నవాళ్ళు ముఖ్యంగా జాగ్రత్త పడాలి. ఎస్‌క్యూలైట్‌లో సమానం గుర్తు డీఫాల్ట్‌గా బైట్లు పోలుస్తుంది, ప్రొడక్షన్‌లో పోల్చేది ఇంకోలా. టెస్టులో రెండు వరసలు, అక్కడ ఒకటే వరస, మధ్యలో మీరు.

తెలుగు డేటా ఉంటే ఇంకో రెండు

మొదటిది హైదరాబాద్. అవును, ఊరి పేరే. అందులో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయొచ్చు, ఒకే కోడ్‌పాయింట్‌గా ఒకటి, ఎత్వం గుర్తు దాని కింద ఐత్వం పొడిగింపు గుర్తు కలిపి రెండుగా ఇంకోటి. మొదటి పద్ధతిలో "హైదరాబాద్" 9 కోడ్‌పాయింట్లు, యూటీఎఫ్-8లో 27 బైట్లు. రెండో పద్ధతిలో 10, 30 బైట్లు. స్క్రీన్ మీద అచ్చం ఒకేలా ఉంటాయి. మామూలు కీబోర్డుతో టైపు చేస్తే మొదటిదే వస్తుంది గానీ, ఏదైనా ప్రోగ్రాం ఎన్‌ఎఫ్‌డీ నార్మలైజేషన్ (ఇలాంటి అక్షరాల్ని విడగొట్టి రాసే పద్ధతి) చేసి పంపిస్తే రెండోది వస్తుంది, బైనరీ పోలిక దాన్ని ఫెయిల్ చేస్తుంది. ఫెయిల్ కావాలా వద్దా అనేది మీ నిర్ణయం. అక్కర్లేదనుకుంటే పోస్ట్‌గ్రెస్ 13 నుంచి నార్మలైజ్ ఫంక్షన్ ఉంది, రెండు పక్కలా వేసి పోల్చండి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అలాంటిది సిద్ధంగా లేదు, డేటా లోపలికొచ్చే చోట అప్లికేషన్‌లోనే నార్మలైజ్ చేసుకోవాలి.

రెండోది పొల్లు తర్వాత వచ్చే జీరో విడ్త్ నాన్ జాయినర్, కంటికి కనపడని ఒక అక్షరం. "సాఫ్ట్‌వేర్" లాంటి మాట మధ్యలో అది ఉంటేనే అక్షరాలు విడిగా కనిపిస్తాయి, లేకపోతే వొత్తుగా కిందికి దిగిపోతాయి, కాబట్టి అక్కడ అది కావాల్సిందే. సమస్య మాట చివర. "కుమార్" చివర అది ఉన్నా లేకపోయినా కంటికి తేడా లేదు, కొన్ని టైపింగ్ టూల్స్ దాన్ని అక్కడ వదిలేసి పోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో మామూలు పోలిక ఆ రెండూ వేరంటుంది, మైఎస్‌క్యూఎల్ 8.0 డీఫాల్ట్ కొలేషన్ ఒకటే అంటుంది. పేర్లతో పనిచేసే ప్రొసీజర్‌కి ఈ అక్షరం చివర పెట్టి ఒక టెస్టు, తీసి ఒక టెస్టు రాయండి, మీ సిస్టమ్ ఏమంటుందో మీకు ముందే తెలియాలి. అన్నిచోట్లా దాన్ని రీప్లేస్ చేసి పారేసే తెలివి మాత్రం చూపించకండి, "సాఫ్ట్‌వేర్" పాడవుతుంది.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తెలుగు ఉన్న ప్రతి టెస్టులో ఎన్ పెట్టారో లేదో చూసుకోండి. 2019 నుంచి యూటీఎఫ్-8 కొలేషన్లు వచ్చాయి, డేటాబేస్‌కి అవి పెట్టుకుంటే ఎన్ లేకపోయినా అక్షరాలు నిలుస్తాయి, కానీ పాత డేటాబేస్‌ని రాత్రికి రాత్రి మార్చలేం కదా.

ఎర్రర్ మెసేజ్‌లు, పొడుగాటి టెక్స్ట్

ఎర్రర్ వస్తుందా అని చూసే టెస్టుల్లో డేటాబేస్ సొంత మెసేజ్ మొత్తాన్ని పోల్చకండి. వెర్షన్ మారితే మాటలు మారతాయి, భాష సెట్టింగ్ మారితే అసలే మారతాయి. నంబరు పట్టుకోండి: ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో యునీక్ కన్‌స్ట్రైంట్‌కి 2627, యునీక్ ఇండెక్స్‌కి 2601, పోస్ట్‌గ్రెస్‌లో 23505. మీరే రాసిన మెసేజ్ అయితే, అది యూజర్‌కి కనిపించేదైతే, మొత్తం పోల్చండి, కనిపించనిదైతే టీఎస్‌క్యూఎల్‌టీలోని ఎక్స్‌పెక్ట్‌ఎక్సెప్షన్‌లో ప్యాటర్న్ ఇచ్చి ముఖ్యమైన ముక్క చూడండి. పీజీట్యాప్‌లో ఈ పనికి త్రోస్‌లైక్ ఉంది.

నాలుగైదు లైన్ల టెక్స్ట్ పోల్చేటప్పుడు లైను చివరలు చూసుకోండి. టెస్టు ఫైలు గిట్‌లో ఉంటుంది, విండోస్ మీద చెకౌట్ చేస్తే లైను చివర రెండు క్యారెక్టర్లు, లైనక్స్ బిల్డు మెషీన్ మీద ఒకటి. "నా దగ్గర పాసవుతోంది" అనే గొడవల్లో సగం ఇదే. లైను చివరలు ముఖ్యం కాకపోతే రెండు పక్కలా క్యారేజ్ రిటర్న్ తీసేసి పోల్చండి, ముఖ్యమైతే ఎక్స్‌పెక్టెడ్‌ని చార్ 13, చార్ 10 అని స్పష్టంగా రాసి కట్టండి.

నేనైతే ఏది వాడతాను

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఊరికే ఒక పేరో స్టేటసో వచ్చిందా చూడటానికి అసర్ట్‌ఈక్వల్స్‌స్ట్రింగ్ చాలు. స్టేటస్ కోడ్ కేస్ సంగతి బిజినెస్‌లో ఎవరికీ పట్టకపోతే టెస్టులో పట్టించుకోవడం కందకు లేని దురద కత్తిపీటకి అన్నట్టే. టైపు కూడా తేలాలంటే అసర్ట్‌ఈక్వల్స్. రెండు కంటే ఎక్కువ కాలమ్‌లు అంటే టేబుల్ అసర్షన్. ట్రిమ్, అప్పర్, ఫార్మాటింగ్, తెలుగు, బయటి సిస్టమ్‌కి పోయే టెక్స్ట్, వీటికి మా సొంత ప్రొసీజర్, మొహమాటం లేకుండా. కొత్త టీమ్‌లో చేరితే ఆ ప్రొసీజర్ మొదటి వారంలోనే రాసిపెడతాను, ఎందుకంటే తర్వాత రాద్దామంటే అప్పటికే నాలుగొందల టెస్టులు మామూలు అసర్షన్‌తో ఉంటాయి, మార్చడానికి ఎవరికీ టైమ్ దొరకదు.

ఇప్పటికే ఉన్న టెస్టుల్ని ఏం చేయాలి అంటారా? అన్నీ మార్చక్కర్లేదు. టెక్స్ట్ పోల్చే టెస్టుల్లో ఒక పది తీసుకుని, ఎక్స్‌పెక్టెడ్ విలువల్ని కావాలని చెడగొట్టండి. ఒకదాంట్లో ఒక లెటర్ కేస్ మార్చండి, ఒకదాంట్లో చివర స్పేస్ పెట్టండి, ఒకదాంట్లో ఖాళీ స్ట్రింగ్ బదులు నల్ రాయండి, తెలుగు ఉన్నచోట పేరే మార్చేయండి, అదే పొడుగున్న ఇంకో పేరు. నడపండి. పచ్చగా మిగిలినవాటి లిస్టు రాసుకోండి, వాటిలో ఏవి ఎర్రబడాల్సిందో ప్రొడక్ట్ చూసుకునేవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని తేల్చుకోండి. మా దగ్గర మొదటిసారి చేసినప్పుడు పదిలో ఏడు పచ్చగా మిగిలాయి, అందులో మూడు నేను రాసినవే.